పాత సైకిల్ భాగాలకు కోటింగ్ వేసే పని ఒక వృత్తి అవుతుందా?

ప్రశ్న: మా అబ్బాయి మెకానికల్ డిప్లొమా రెండో సంవత్సరంలో ఉన్నాడు. పాత సైకిల్ భాగాలను శుభ్రం చేసి, ఇంటి వెనుక గదిలో స్ప్రేతో కొత్త పూత వేస్తుంటాడు. ఇప్పుడు చదువు మానేసి సిరామిక్ కోటింగ్ షార్ట్ టర్మ్ కోర్సులో చేరతానంటున్నాడు. పౌడర్ కోటింగ్, ఆనొడైజింగ్, సిరామిక్ కోటింగ్ ఈ మూడింటిలో దేనికి భవిష్యత్తు ఉంది? ఇంత చదివించి రంగులు వేసే పనికి పంపమంటారా?

జవాబు: మీరు మూడింటి మధ్య పోలిక అడిగారు గానీ, మీ అసలు ప్రశ్న చివరి వాక్యంలో ఉంది. చేతిపనుల గురించి తల్లిదండ్రులు రాసే ఉత్తరాలన్నీ ఆ వాక్యంతోనే ముగుస్తాయి కాబట్టి ముందు దాని సంగతే చూద్దాం.

మీరు తేలిగ్గా తీసిపారేసిన ఈ పనిలో రంగు వేయడం చివరి మెట్టు మాత్రమే. ఉక్కు ఫ్రేమ్ ఒకటి చేతికి వస్తే, పాత పూతను, తుప్పును పూర్తిగా తొలగించి, జిడ్డు పోగొట్టి, బాటమ్ బ్రాకెట్ (పెడళ్ల ఇరుసు బిగించే భాగం) థ్రెడ్లకూ బేరింగులు కూర్చునే చోట్లకూ మాస్కింగ్ చేసిన (పూత పడకుండా టేపుతో కప్పిన) తరువాతే స్ప్రే గన్ పట్టుకోవాలి. పౌడర్ పూత మందం సాధారణంగా 60 నుంచి 100 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) ఉంటుంది. అది థ్రెడ్ల మీద చేరితే బాటమ్ బ్రాకెట్ రెండు చుట్లు తిరిగి బిగుసుకుపోతుంది. జిడ్డు వేలిముద్ర ఒక్కటి మిగిలినా అక్కడ పూత సరిగా పట్టదు. అంతకన్నా ముఖ్యంగా, ఎక్కడ పూత వేయకూడదో తెలియాలి. చైన్‌ను లాగే పళ్ల చక్రం, అంటే చైన్‌రింగ్, అరిగిపోతే దానికి ఎన్ని పూతలు వేసినా పళ్లు తిరిగి రావు; బ్రేక్ డిస్కుకు పూత వేస్తే బ్రేకే పట్టదు; పెడల్‌ను మోసే క్రాంక్ మీద వెంట్రుకంత పగులు ఉంటే పూత దాన్ని దాచిపెట్టి, తొక్కేవాడి ప్రాణం మీదికి తెస్తుంది. “ఇది వద్దు, మార్చుకోండి” అని చెప్పగలిగినవాడిని రంగులు వేసేవాడంటే నేను ఒప్పుకోను.

సిరామిక్ కోటింగ్ విషయంలో నాకు గట్టి అనుమానాలే ఉన్నాయి. ఒకే పేరుతో రెండు వేర్వేరు వస్తువులు చలామణి అవుతున్నాయి. ఒకటి, శుభ్రం చేసిన భాగం మీద స్ప్రే చేసి, రకాన్ని బట్టి ఓవెన్‌లో గట్టిపరిచే పలుచని సిరామిక్ మిశ్రమ పూత. రెండోది, ఉన్న పెయింట్ మీద గుడ్డతో రుద్దే ద్రవం. రెండోది నీటిని, బురదను జార్చుతుంది, మెరుపు నిలుపుతుంది, కానీ పెయింట్ లేచిపోయిన చోట మొదలైన తుప్పును ఆపదు, లోతైన గీతను పూడ్చదు. మీ అబ్బాయి చేరదలచిన కోర్సు ఈ రెండింటిలో దేని గురించో మీ ఉత్తరంలో లేదు. అతనికైనా తెలుసో లేదో కనుక్కోండి. నా దగ్గరికి వచ్చిన కొందరు పిల్లల చేతుల్లో సర్టిఫికెట్ ఉంది గానీ, పూత ఎందుకు లేచిపోయిందని అడిగితే జవాబు లేదు. వారికి నేర్పింది ఒక సీసాను అమ్మే విద్య.

ఇక మిగిలిన రెండు. పౌడర్ కోటింగ్‌లో విద్యుదావేశంతో పొడిని లోహానికి అంటించి, సుమారు 180 నుంచి 200 డిగ్రీల సెల్సియస్ వేడిలో కరిగించి గట్టిపరుస్తారు. కార్బన్ ఫైబర్‌తో చేసిన ఫోర్కును (ముందు చక్రాన్ని పట్టుకునే భాగాన్ని) ఆ ఓవెన్‌లో పెడితే అది పనికిరాకుండా పోవచ్చు. ఆనొడైజింగ్ అంటే ఆమ్లపు తొట్టిలో కరెంటు పంపి లోహం పైపొరనే గట్టి ఆక్సైడ్ పొరగా మార్చే పని; అది ప్రధానంగా అల్యూమినియంకు పనికొస్తుంది, ఉక్కుకు పనికిరాదు. దానికి రసాయన శాస్త్రం రావాలి, వ్యర్థజలాన్ని శుద్ధి చేసే ఏర్పాటు ఉండాలి, కాబట్టి ఇంట్లో మొదలుపెట్టేది కాదు. ఉపాధి పరంగా పౌడర్ కోటింగ్ విస్తృతి ఎక్కువ, ఎందుకంటే అది సైకిళ్లతో ఆగదు. కుర్చీలు, కిటికీ చట్రాలు, యంత్ర భాగాలు అన్నీ ఆ ఓవెన్ గుండానే వెళతాయి. సైకిల్ భాగాలనే నమ్ముకుంటే కష్టం, పాత ఫ్రేమ్ విలువకన్నా దాన్ని బాగుచేసే కూలి ఎక్కువైన సందర్భాలు చాలా ఉంటాయి. అవి పని నేర్పే బడి అనుకోండి, చాలు.

ఒక్క మాట కటువుగా చెప్పక తప్పదు. అబ్బాయి గదిలో స్ప్రే చేస్తున్నాడని రాసిన మీరు, ముఖానికి ఏం పెట్టుకుంటున్నాడో రాయలేదు. నలుగురేమంటారో అన్న బెంగ ఉత్తరం నిండా ఉంది, ఆ పిల్లవాడి ఊపిరితిత్తుల మాట ఒక్కటీ లేదు. గట్టిపరిచే ద్రవం (హార్డెనర్) కలిపి వాడే టూ-పార్ట్ క్లియర్ కోట్‌లలో, అంటే రంగు మీద వేసే పారదర్శక పూతల్లో, సాధారణంగా ఐసోసయనేట్లు అనే రసాయనాలు ఉంటాయి. అవి ఆస్తమా తెచ్చిపెట్టగలవు, ఒకసారి శరీరానికి పడకుండా పోతే తరువాత కొద్దిపాటి ఆవిరి కూడా ప్రమాదమే. గుడ్డ మాస్కు దానికి అడ్డు కాదు. బయటి నుంచి స్వచ్ఛమైన గాలి అందించే మాస్కు, పొగను లాగే బూత్ లేనిదే ఆ రకం స్ప్రేను నేడే ఆపించండి.

భయపడవలసినంతగా మీ అబ్బాయి దారి తప్పలేదు. లోహం ఉన్నంతకాలం తుప్పు ఉంటుంది, దాన్ని ఆపేవారికి పనీ ఉంటుంది. డిప్లొమా పూర్తి చేయమనండి; లోహాల గురించి అక్కడ చదివేది రేపు ఓవెన్ ముందు పనికొస్తుంది. సెలవుల్లో ఒక కోటింగ్ షాపులో చేర్చండి. అక్కడ మొదటి నెలలు గన్ ఇవ్వరు, భాగాలు కడగడం, మాస్కింగ్ టేప్ అంటించడం, మందం కొలవడం చేయిస్తారు. విసుగు లేకుండా చేశాడా లేదా అన్నది మీకు ఏ పోలికకన్నా ఎక్కువ చెబుతుంది. ఈలోగా, ఆరు నెలల క్రితం తాను పూత వేసిన భాగం ఒకటి తెమ్మని, పక్కన కూర్చుని, క్లాంప్ బిగించిన చోట పూత ఎలా ఉందో, ఎందుకలా ఉందో అతని చేతనే చెప్పించుకోండి.