పాయింట్ టూటూ రివాల్వర్ గురి తప్పుతుంటే ముందు దేన్ని అనుమానించాలె

నల్లగొండ ఎన్జీ కాలేజీలోనో, పాలమూరులోనో ఎన్‌సీసీ చేసి పాయింట్ టూటూ (0.22 అంగుళాల సన్న తూటా) రైఫిల్‌తో గ్రూపింగ్ (గుండ్లన్నీ ఒక్కచోట పడేటట్టు కాల్చడం) కొట్టినోళ్లు డాలస్‌లో దిగంగనే అడిగే మాట ఒకటుంటది: “అన్నా, ఇక్కడ రివాల్వర్ కొనొచ్చట గదా?” కొనొచ్చు. ఎవరు కొనొచ్చన్నది ముందు తేల్చుకోవాలె.

హెచ్1బీ, ఎల్1, ఎఫ్1 ఇవన్నీ నాన్ ఇమిగ్రెంట్ వీసాలు. వీటి మీద వచ్చినోళ్ల దగ్గర తుపాకే కాదు, ఒక్క తూటా ఉన్నా ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. రేంజిలో గంటసేపు అద్దెకు తీసుకున్నా ఉన్నట్టే లెక్క. మినహాయింపుల్లో మనకు పనికొచ్చేది ఒకటే: అమెరికాలోని ఏదో ఒక రాష్ట్రం ఇచ్చిన హంటింగ్ లైసెన్స్, అదీ గడువు తీరనిది. గడువు తీరిన రోజే మినహాయింపు కూడా పోతది. గ్రీన్‌కార్డున్న దోస్తు తన పేరు మీద కొని నీకిస్తనంటే వద్దను. ఫారంలో అసలు కొనేది ఎవరని సూటిగ అడుగుతరు, అక్కడ అబద్ధం రాస్తే ఇద్దరూ ఇరుక్కుంటరు. భార్యకు గ్రీన్‌కార్డుండి భర్త ఇంకా హెచ్1బీ మీదనే ఉంటే, సేఫ్ తాళంచెవి, నంబరు ఆమె దగ్గరనే ఉండాలె. ఇట్లాంటి ఇండ్లల్ల కొనకముందే ఇమిగ్రేషన్ లాయర్‌ను ఒకసారి అడగడం మంచిది. తుపాకి కేసుతోని గ్రీన్‌కార్డు కూడా పోవచ్చు.

గ్రీన్‌కార్డుదారులకు, పౌరులకు 21 ఏండ్లు నిండితే లైసెన్సున్న దుకాణంలో 4473 ఫారం నింపితే సరి. మనోళ్లకు చిక్కంతా పేరు దగ్గరనే వస్తది. ఇంటిపేరు ఒక కాగితంలో ముందు, ఒకదాంట్ల వెనుక, ఇంకోదాంట్ల ఉత్త అక్షరమే. డ్రైవింగ్ లైసెన్సు మీద ఎట్లుంటే ఫారంలో అట్లనే రాయాలె. ఇల్లు మారితే ముందు లైసెన్సులో అడ్రస్ మార్పించుకోవాలె. గ్రీన్‌కార్డు మీది నంబరు కూడా రాయాలె. బ్యాక్‌గ్రౌండ్ చెక్‌లో “డిలేడ్” అని వస్తే గాభరా వద్దు, అది “డినైడ్” కాదు.

టెక్సాస్‌లో కొనడానికి వేరే పర్మిట్ అక్కర లేదు. ఎడిసన్‌లో ఉండేటోళ్లకు అట్ల కాదు: న్యూజెర్సీలో హ్యాండ్‌గన్‌కు ముందే కొనుగోలు పర్మిట్ తీసుకోవాలె, హాలో పాయింట్ (ముక్కున గుంత ఉండే) తూటాల మీద కూడా ఆంక్షలున్నయి. అగ్గువకు దొరికే పాయింట్ టూటూ పెట్టెల్లో చాలావరకు హాలో పాయింటే ఉంటది కాబట్టి పెట్టె మీద చదివి కొనండి. లండన్ వాళ్లు ఈ ఆశ వదులుకోవాల్సిందే, బ్రిటన్‌లో 1997 నుంచి పాయింట్ టూటూ చేతి తుపాకులు కూడా నిషేధం. కెనడాలో 2022 అక్టోబర్ నుంచి చేతి తుపాకుల అమ్మకాలను స్తంభింపజేసిన్రు.

ఇగ అసలు సంగతి. ఈ తూటాల మందుగుండు అంటించే రసాయనం నడుమ ఉండదు, అడుగు అంచు లోపల చుట్టూ పూసి ఉంటది. ఫైరింగ్ పిన్ ఆ అంచును నలిపితే నిప్పు పుడతది. పూత ఒకచోట పలుచగ పడ్డదంటే, పిన్ సరిగ్గ అక్కడనే తగిలితే, తూటా పేలదు. అగ్గువ పెట్టెల్లో ఇది మామూలే. అంచును గట్టిగ కొట్టాలె కాబట్టే పాయింట్ టూటూ డబుల్ యాక్షన్ (ట్రిగ్గర్ నొక్కితేనే హ్యామర్, అంటే వెనుకనుండే సుత్తి, లేచి పడే) రివాల్వర్ల ట్రిగ్గర్ బరువుగ ఉంటది. స్ప్రింగు తేలిక చేస్తే వేలికి హాయిగనే ఉంటది, తూటాలు మాత్రం పేలవు.

గురి తప్పుతుందని రివాల్వర్‌ను తిట్టే ముందు చేతి తప్పు కాదని తేల్చుకోవాలె. బల్ల మీద ఇసుక సంచి వేసి, 25 గజాల దూరంలో, హ్యామర్ వెనక్కి గుంజి సింగిల్ యాక్షన్‌లోనే కాల్చండి. తరువాత తూటా వంతు. నాలుగైదు రకాలు ఒక్కో డబ్బా, అంటే 50 తూటాలు, తెచ్చుకోండి. 40 గ్రెయిన్ల (గుండు బరువు కొలత) గుండు, సెకనుకు 1,070 అడుగుల వేగమున్న స్టాండర్డ్ వెలాసిటీ ఒకటి తప్పక ఉండాలె. 1,235 అడుగుల మినీ మ్యాగ్ లాంటిది ఇంకొకటి. రకం మార్చినప్పుడల్లా మొదటి పది పదిహేను గుండ్లను లెక్కలోకి తీసుకోవద్దు, పాత గుండ్ల మైనం బారెల్లో ఇంకా ఉంటది. అదే కంపెనీ, అదే పేరు, అయినా లాట్ నంబరు (ఒక విడతల తయారైన వాటి నంబరు) మారితే గ్రూపింగ్ మారొచ్చు. బాగా పడ్డ లాట్ దొరికిందంటే 500 తూటాల ఇటుక ఒకటి కొని పెట్టుకోండి.

తూటా కుదిరినంక కూడా ఆరింట్లో ఒకటి ఎప్పుడూ పక్కకు పోతుంటే ఛాంబర్లను, అంటే తిరిగే సిలిండర్‌లో తూటాలు కూర్చునే రంధ్రాలను చూడాలె. సిలిండర్ వెనుక మార్కర్‌తో 1 నుంచి 6 దాకా అంకెలేయండి (పది తూటాలు పట్టే స్మిత్ అండ్ వెసన్ 617 లాంటిదైతే 10 దాకా). కాగితం మీద ఆరు వేరు వేరు బొమ్మలు గీసి, ఒక్కో ఛాంబర్‌లోని గుండును దాని బొమ్మ మీదనే ఐదు సార్లు కాల్చండి. తప్పు ఒకే ఛాంబర్‌దైతే అక్కడ సీసం పేరుకున్నదో, అది బారెల్‌కు సూటిగ కూర్చోవట్లేదో తెలిసిపోతది. చాలామంది ఈ పని చేయకుండనే రివాల్వర్ అమ్ముకుంటరు.

రూగర్ రాంగ్లర్, హెరిటేజ్ రఫ్ రైడర్ లాంటి అగ్గువ వాటిలో ఎక్కువ మోడళ్లకు సైట్లు (బారెల్ మీద గురి చూసే గుర్తులు) కదలవు. గుండ్లు కిందికి పడుతుంటే ముందువైపు సైట్‌ను ఆకురాయితో తగ్గించాలె. ఎంత అంటే, తప్పిన అంగుళాలను రెండు సైట్ల మధ్య దూరంతో గుణించి, కాల్చే దూరంతో భాగించండి. 25 గజాలంటే 900 అంగుళాలు. సైట్ల మధ్య 6 అంగుళాలుండి గుండు 3 అంగుళాలు కిందికి పడితే తీయాల్సింది 0.02 అంగుళం. అందులో సగం తీసి మళ్లీ కాల్చి చూడండి, అరగదీసింది తిరిగి రాదు. గుండ్లు పైకి పడుతుంటే ఆకురాయి ముట్టొద్దు, ఎత్తు సైట్ వేయించుకోవాలె. సైట్ తిప్పే వీలున్నవాటికి లెక్క సులువు: గుండు ఎటు పోవాలనుకుంటే వెనుక సైట్‌ను అటే జరపాలె.

తూటా పేలకపోతే మూతిని గురి వైపే ఉంచి 30 సెకన్లు ఆగండి. తీసినంక అంచు మీద పిన్ నొక్కు చూడండి. నొక్కు లోతుగ ఉంటే తప్పు తూటాది. లోతు లేకపోతే తూటా పూర్తిగ లోపలికి కూర్చోలేదు, లేదంటే స్ప్రింగు బలం చాల్తలేదు. స్మిత్ అండ్ వెసన్ 617లో పిడి ముందు భాగాన, అడుగున ఒక స్క్రూ ఉంటది. ట్రిగ్గర్ తేలిక కావాలని పాత ఓనర్లు దాన్ని వదులు చేసి అమ్ముతరు. చివరిదాకా బిగిస్తే సగం రోగం కుదురుతది. “టప్” అని చిన్న చప్పుడొచ్చి గుండు కాగితం మీద కనపడకపోతే ఇంకొకటి కాల్చొద్దు. ఖాళీ చేసి బారెల్‌లో కడ్డీ పెట్టి చూడండి, గుండు లోపలే ఆగిపోయి ఉండొచ్చు.

సిలిండర్ తిరగకుండ పట్టేస్తే భయపడేది లేదు, నూటికి తొంభై సార్లు అది నక్షత్రం కింద చేరిన పొడే. నక్షత్రమంటే ఎజెక్టర్ నొక్కితే పైకి లేచి ఖాళీ డొప్పలను ఎత్తే చక్రం. మూతిని నేలకు వంచి డొప్పలు దులిపితే కాలని మందు రవ్వలు దాని కిందికి జారుతయి. ఆవగింజంత కూడా ఉండదు ఆ రవ్వ, అయినా నక్షత్రం పూర్తిగ కిందికి దిగక సిలిండర్ బిగుసుకుంటది. మూతిని ఆకాశానికి ఎత్తి, ఎజెక్టర్‌ను ఒక్క దెబ్బకు గట్టిగ నొక్కండి. నక్షత్రం కింద పాత టూత్‌బ్రష్‌తో ఊడ్వండి, నూనె మాత్రం పోయొద్దు, దుమ్మంతా అక్కడనే అంటుకుంటది. వంద, నూట యాభై కాల్చినంక డొప్పలు బయటికి రాక మొరాయిస్తయి. పాయింట్ టూటూ కంచు బ్రష్ ఒక్కో ఛాంబర్‌లో నాలుగు సార్లు తిప్పితే చాలు. షార్ట్ (పొట్టి రకం) తూటాలు కాల్చినంక ఇది ఇంకా అవసరం, ముందర మసి గీత కట్టి లాంగ్ రైఫిల్ (మామూలు పాయింట్ టూటూ తూటా) లోపలికి దిగదు.

రెండు సిలిండర్లతో వచ్చే రూగర్ సింగిల్ సిక్స్ రివాల్వర్ కొంటే మ్యాగ్నమ్ (ఎక్కువ బలమున్న పెద్ద తూటా) సిలిండర్‌లో లాంగ్ రైఫిల్ వేయొద్దు. కాలిబర్ పేరు దగ్గరదే గానీ డొప్ప సన్నం, పగిలి గ్యాస్ వెనక్కి కొడ్తది. 1973కు ముందటి పాత సింగిల్ సిక్స్ అయితే ఐదే నింపి హ్యామర్‌ను ఖాళీ ఛాంబర్ మీద దించాలె.

సెకండ్ హ్యాండ్‌లో కొనేటప్పుడు ఖాళీ చేసి చూసినంక సిలిండర్‌ను వేలితో కొద్దిగ అడ్డుకుంటూ హ్యామర్‌ను నెమ్మదిగ గుంజండి. హ్యామర్ పూర్తిగ నిలబడే లోపు ప్రతి ఛాంబర్ టక్కున లాక్ కావాలె. బారెల్‌కు సిలిండర్‌కు నడుమ సందు ఫీలర్ గేజ్‌తో (సందు కొలిచే పలుచని రేకులు) కొలిస్తే 0.004 నుంచి 0.008 అంగుళం లోపుంటే మంచిదే. ఛాంబర్ అంచుల మీద చిన్న నొక్కులు కనపడితే ఖాళీగ ట్రిగ్గర్ నొక్కి ఆడుకున్నరని అర్థం. మీరు సాధన చేయాలంటే హార్డ్‌వేర్ దుకాణంలో గోడకు వేసే పసుపు ప్లాస్టిక్ డ్రైవాల్ యాంకర్లు తెచ్చి ఛాంబర్లలో పెట్టుకోండి. డమ్మీ తూటాల కంటే అగ్గువ, రంగు చూసి నిజమైనది కాదని తెలుస్తది.

సిలిండర్ ముందు సందులోంచి వేడి గ్యాస్, సీసం తుంపర్లు పక్కలకు చిమ్ముతయి, ఎడమచేతి వేళ్లు అక్కడికి రానియ్యొద్దు. కండ్లద్దాలు, చెవులకు మఫ్స్ పెట్టుకోవాలె, చిన్న తుపాకే కదా అనుకోవద్దు. రేంజి నుంచి వచ్చినంక చల్లనీళ్లు, సబ్బుతో చేతులు కడుక్కున్నంకనే టిఫిన్ డబ్బా ముట్టండి. పాకే పిల్లలున్న ఇంట్లో రేంజి చెప్పులు గడప అవతలే ఉండాలె. తుపాకి సేఫ్‌లో, తూటాలు వేరే తాళంలో.

రేంజికి ఒక సంచి వేరే పెట్టుకుని దాన్ని ఎప్పుడూ ఇండియా ప్రయాణానికి వాడొద్దు. బతుకమ్మకు ఊరికి పోయేటప్పుడు లాప్‌టాప్ బ్యాగ్ మూలలో, జాకెట్ జేబులో దొర్లిన ఒక్క పాయింట్ టూటూ తూటా కూడా స్కానర్‌లో స్పష్టంగ కనపడతది. శంషాబాద్‌లో దొరికితే 1959 ఆయుధాల చట్టం కింద కేసవుతది, అమెరికా రసీదు చూపిస్తే పోదు. బ్యాగులు సర్దే ముందు రాత్రి జేబులన్నీ బయటికి తిప్పి, సంచి అస్తరు దాకా చెయ్యి పెట్టి తడిమి చూడండి.