హెచ్‌1బీ మీద ఉన్నాం, మా అమ్మాయికి యూటీలో ఫీజు మాఫీ వస్తుందా?

ప్రశ్న: మేం ఆరేళ్లుగా టెక్సాస్‌లోని ఇర్వింగ్‌లో ఉంటున్నాం. మావారు హెచ్‌1బీ మీద పనిచేస్తున్నారు, జీతం ఏడాదికి 1,08,000 డాలర్లు. నాకు ఉద్యోగం లేదు. మా అమ్మాయి అమెరికాలోనే పుట్టింది, 2027లో హైస్కూల్ పూర్తవుతుంది. లక్ష డాలర్లలోపు ఆదాయం ఉన్నవాళ్లకు యూటీలో (యూనివర్సిటీ ఆఫ్ టెక్సాస్) ట్యూషన్ ఫీజు ఉండదని విన్నాం. "మన జీతం లక్ష దాటింది, పైగా వీసా మీద ఉన్నాం, మనకెక్కడ వస్తుంది" అంటున్నారు మావారు. అప్లై చేసి లాభం ఉందా? సాయం అడిగితే అడ్మిషన్‌కు ఇబ్బంది అవుతుందా?

జవాబు: లాభం ఉందమ్మా, తప్పకుండా అప్లై చేయించండి. మీవారు చెప్పిన రెండు కారణాల్లో ఏదీ అప్లై చేయకుండా మిమ్మల్ని ఆపేది కాదు.

మీరు విన్నది నిజమే. యూటీ క్యాంపస్‌లన్నిటినీ నడిపే యూటీ సిస్టమ్ పాలక మండలి (రీజెంట్లు) 2024 నవంబరులో ఆమోదించిన ఈ పథకం 2025 ఫాల్ (ఆగస్టులో మొదలయ్యే సెమిస్టర్) నుంచి అమల్లో ఉంది. ఆస్టిన్, డాలస్, ఆర్లింగ్టన్, శాన్ ఆంటోనియో సహా 9 క్యాంపస్‌లకు వర్తిస్తుంది. టెక్సాస్ నివాసి అయి, ఫుల్‌టైమ్ బ్యాచిలర్స్ చదువుతూ, కుటుంబ ఆదాయం 1,00,000 డాలర్లు మించకపోతే ట్యూషన్‌తో పాటు తప్పనిసరి ఫీజులు కూడా కట్టక్కర్లేదు. టెక్సాస్ ఏ అండ్ ఎం, యూనివర్సిటీ ఆఫ్ హ్యూస్టన్ ఈ సిస్టమ్‌లోవి కావు. వాటి పథకాలు, వాటి ఆదాయ పరిమితులు వేరు.

అసలు సంగతి ఆ 'ఆదాయం' దగ్గరే ఉంది. వాళ్లు చూసేది ఆఫర్ లెటర్‌లోని జీతం కాదు, ట్యాక్స్ రిటర్న్‌లోని ఏజీఐ, అంటే కొన్ని మినహాయింపులు పోను తేలే మొత్తం ఆదాయం. ఫారం 1040లో 11వ లైన్ తీసి చూడండి. ఉదాహరణకు మీవారి జీతంలోంచి 401కె రిటైర్మెంట్ ఖాతాకి 9,000, హెల్త్ ఇన్సూరెన్స్‌కి 4,000 పన్నుకు ముందే పోతున్నాయనుకుందాం. అప్పుడు కంపెనీ ఏటా ఇచ్చే జీతం పత్రం డబ్ల్యూ-2 మొదటి గడిలో కనిపించేది 95,000. పన్ను కట్టాక వేసే రోత్ 401కెలో వేస్తే మాత్రం ఈ తగ్గింపు ఉండదు. స్టాండర్డ్ డిడక్షన్ కూడా ఇక్కడ కలిసిరాదు, అది ఏజీఐ తేలాక తీసేది. మన వాళ్లు తరచూ మరిచేది ఇంకొకటి: ప్రవాసులు ఇండియా బ్యాంకుల్లో వేసే ఎన్‌ఆర్‌ఈ డిపాజిట్ల వడ్డీకి ఇండియాలో పన్ను లేకపోయినా అమెరికాలో అది ఆదాయమే. హైదరాబాద్ ఫ్లాట్ అద్దె కూడా అంతే. వాటిని దాచి లక్షలోపు చూపించే ఆలోచన మాత్రం వద్దు. రిటర్న్‌లో తప్పు రాయడం గ్రీన్‌కార్డు కోసం ఎదురుచూస్తున్న ఇంటికి ఎంత ప్రమాదమో మీకు నేను చెప్పక్కర్లేదు.

2027 ఫాల్‌లో చేరే అమ్మాయికి 2025 రిటర్నే చూస్తారు. ఆ ఏడాది లెక్క అయిపోయింది, ఇక మార్చలేరు. కానీ సాయం కోసం ఏటా మళ్లీ అప్లై చేయాలి కాబట్టి 401కెలో ఎంత వేయాలో, కంపెనీ షేర్లు ఎప్పుడు అమ్మాలో ఇప్పటినుంచే చూసుకోండి.

ఇక వీసా. ఫెడరల్ సాయానికి నింపే ఫాఫ్సాలో చూసేది విద్యార్థి హోదా, తల్లిదండ్రుల వీసా కాదు. మీ అమ్మాయి పౌరురాలు, నింపవచ్చు. మూడేళ్లకు పైగా టెక్సాస్‌లోనే ఉంటూ ఇక్కడి హైస్కూల్లోనే పాసవుతోంది కాబట్టి ఇన్‌స్టేట్ (రాష్ట్ర నివాసి) హోదాకూ అడ్డు లేదు. హెచ్‌1బీ వాళ్ల కుటుంబానికిచ్చే హెచ్‌4 వీసా మీద ఉన్న పిల్లలకైతే ఫాఫ్సా కుదరదు. వాళ్లు టెక్సాస్ నివాసులుగా తేలితే రాష్ట్ర సాయం ఫారమైన టాస్ఫా నింపాలి, తమకు ఏమేం వర్తిస్తాయో ఆ క్యాంపస్ ఆర్థిక సహాయ కార్యాలయాన్ని ఈమెయిల్‌లో అడిగి జవాబు దాచుకోవాలి.

ఒక్క విషయంలో మాత్రం ఆశ ఎక్కువ పెట్టుకోకండి. ఫెడరల్ ప్రభుత్వమిచ్చే పెల్ గ్రాంటు, రాష్ట్ర గ్రాంటు వంటివి వస్తే ముందు వాటిని ట్యూషన్‌కు జమకట్టి, మిగిలిందే ఈ పథకం భరిస్తుంది. హాస్టల్, భోజనం, పుస్తకాలు మీవే. ఆస్టిన్‌లో ఇన్‌స్టేట్ ట్యూషన్ కంటే ఉండటానికి, తినడానికి అయ్యే ఖర్చే ఎక్కువ. అందుకే ఫీజు లేదన్న మాట విని సంబరపడ్డ కుటుంబాలు తర్వాత అప్పుల్లో పడటం నాకు బాధ కలిగిస్తుంది. మీ ఇంటినుంచి రిచర్డ్‌సన్‌లోని యూటీ డాలస్‌కు, అటు యూటీ ఆర్లింగ్టన్‌కు రోజూ వెళ్లిరావచ్చు. 2025లో మొదలైన డార్ట్ (డాలస్ ప్రాంత ప్రజా రవాణా సంస్థ) సిల్వర్ లైన్ రైలుకు యూటీ డాలస్ దగ్గరే స్టేషన్ ఉంది. అమ్మాయికి ఆస్టిన్ మీదే మనసుంటే కాదనను. కాకపోతే అక్కడ నాలుగేళ్లు ఉండటానికయ్యే ఖర్చు కాగితం మీద వేసి, ఆ లెక్క ఆమెకూ చూపించండి.

అడ్మిషన్ గురించి బెంగ వద్దు. సాయం అడిగినంత మాత్రాన యూటీలో సీటు అవకాశం తగ్గదు. మొహమాటమూ వద్దు. 2021-22 నుంచి టెక్సాస్‌లో హైస్కూల్ పాసవ్వాలంటే ఫాఫ్సా గానీ టాస్ఫా గానీ నింపాలి, లేదా వద్దని సంతకం పెట్టాలి. ఉన్నవాళ్లూ లేనివాళ్లూ అందరూ నింపే ఫారమే ఇది. మీవారు ఏళ్ల తరబడి ఇక్కడ పన్ను కడుతున్నారు. ఈ సాయం అడగడం మీ అమ్మాయి హక్కు.

ఫాఫ్సా మామూలుగా అక్టోబరు 1న తెరుస్తారు. ఆ వారంలోనే పూర్తిచేయండి, ఒక్కో క్యాంపస్ ప్రాధాన్య తేదీ ఒక్కోలా ఉంటుంది. ఈ పథకానికి ఆదాయంతో పాటు ఫాఫ్సాలో తేలే ఆర్థిక అవసరాన్ని కూడా చూస్తారేమో అడిగి తెలుసుకోండి. మీరు ఉంటున్న ఇల్లు, 401కె నిల్వ ఆస్తుల్లోకి రావు. ఇండియాలోని స్థలాలు, ఫ్లాట్లు వస్తాయి.

ఈలోగా మీవారి ఉద్యోగానికి ఏదైనా అయితే 2025 లెక్కే ఉందని ఊరుకోవద్దు. లేఆఫ్ లెటర్, చివరి పే స్టబ్ జతచేసి, ఆదాయం తగ్గిందని ఆర్థిక సహాయ కార్యాలయానికి రాయండి. కేసును విడిగా చూసి లెక్క సవరించే అధికారం వాళ్లకు ఉంది.