సీసా నిండుగా ఉంది, కాపీ వెలవెలబోతోంది

ప్రశ్న: ట్రిప్లికేన్‌లో మాది చిన్న జిరాక్స్ షాపు. కొత్త టోనర్ సీసా పెట్టినా స్క్రీన్ మీద ‘టోనర్ వేయండి’ అనే వస్తోంది. కాపీలు కూడా వెలిసిపోయినట్టున్నాయి. సెన్సర్ పోయిందంటున్నాడు మా మెకానిక్. కాస్త పొడి చేత్తో లోపల పోసేస్తే సరిపోదా?
– ఒక పాఠకుడు, చెన్నై

జవాబు: ముందు ఆ పొడి పక్కన పెట్టండి! చేత్తో పోస్తే పాళ్లు తప్పి, రేపట్నుంచి ప్రతి కాగితం మసిబారి వస్తుంది.

షాపుల్లో వాడే పెద్ద మెషిన్లలో ఎక్కువ భాగం రెండు పొడులతో నడుస్తాయి. ఒకటి టోనర్, అంటే రంగు కలిపిన ప్లాస్టిక్ పొడి. రెండోది క్యారియర్, అయస్కాంతానికి అంటుకునే రేణువులు. మరమరాలకు కారం పట్టినట్టు టోనర్ ఈ రేణువులను పట్టుకుని డ్రమ్ము దాకా, అంటే కాపీ బొమ్మ ఏర్పడే గొట్టం దాకా వెళ్తుంది. టోనర్ ఖర్చవుతుంది, క్యారియర్ అక్కడే ఉంటుంది. ఈ మిశ్రమం బరువులో టోనర్ సుమారు 4 నుంచి 8 శాతమే.

తమాషా ఏంటంటే, ఈ మిశ్రమం ఉండే డబ్బాకి, అంటే డెవలపర్ యూనిట్‌కి బిగించిన సెన్సర్ టోనర్‌ని చూడనే చూడదు. అది కొలిచేది క్యారియర్‌ని. టోనర్ తగ్గితే రేణువులు దగ్గరగా చేరి అయస్కాంత గుణం పెరుగుతుంది, సెన్సర్ ఇచ్చే వోల్టేజీ మారుతుంది. అప్పుడు బోర్డు సప్లై మోటార్ని తిప్పి కొంచెం టోనర్ పంపిస్తుంది. ఎంత పంపినా వోల్టేజీ దారికి రాకపోతే ‘టోనర్ వేయండి’ అంటుంది. సీసాలో ఎంతుందో ఈ సెన్సర్‌కి తెలియదు.

సెన్సర్ నిజంగా అబద్ధం చెబుతుంటే, అక్కర్లేని టోనర్ పడి మీ కాపీలు నల్లగా, వెనక బూడిద పూసినట్టు రావాలి. చెన్నైలో నవంబరు వానలప్పుడు అలాగే జరుగుతుంది. తేమకి పొడిలో ఛార్జ్ తగ్గి, రేణువులు దగ్గరై, టోనర్ ఉన్నా లేనట్టు సెన్సర్ పొరబడుతుంది. మీ కాపీలు పాలిపోతున్నాయి కాబట్టి నా అనుమానం సెన్సర్ మీద కాదు, సీసా నుంచి టోనర్ వచ్చే దారి మీద.

సీసా మూతి సీలు పూర్తిగా ఊడిందా? తిరిగే రకం సీసా అయితే మోటార్ తిరిగేటప్పుడు అదీ తిరుగుతోందా? నకిలీ సీసాల పళ్లు కొన్నిసార్లు గేరుకి అందవు, మోటార్ ఊరికే తిరుగుతుంది. యూనిట్‌లోకి పొడి దిగే మార్గంలో గడ్డ కట్టిందేమో చూడమనండి. ఇవన్నీ బాగుంటే అప్పుడు మెకానిక్‌లు వాడే సర్వీస్ మోడ్‌లో సెన్సర్ వోల్టేజీ చూపించమని అడగండి. అది చూడకుండా రిచీ స్ట్రీట్ ఎలక్ట్రానిక్స్ బజారుకి పరుగెత్తి కొత్త సెన్సర్ కొనకండి.