బండి మళ్ళీ ఎప్పుడు వస్తుంది?

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారం. మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో ఒక పల్లె. మా ఊరికి 104 బండి వస్తుంది. బీపీ, షుగరు చూసి మాత్రలు ఇస్తారు. అయితే బండి దగ్గర కనిపించేది ఎక్కువగా ముసలివాళ్ళే. జీడితోటల్లో పనికి, కూలికి వెళ్ళేవాళ్ళు “మాకేం జబ్బు లేదు కదా” అంటున్నారు. మా మహిళా సంఘం తరఫున కిడ్నీ పరీక్షల శిబిరం పెట్టించాలని ఉంది. ఏమేం అడగాలి? వాళ్ళను ఎలా రప్పించాలి?
– ఒక పాఠకురాలు, కవిటి మండలం

జవాబు: అమ్మా, ఏ జబ్బూ లేదనుకునే ఆ మనుషుల కోసమే శిబిరం పెట్టాలి. కిడ్నీలు సగం పని మానేసేదాకా ఒంట్లో ఏ బాధా తెలియకపోవచ్చు. వాపు, ఆయాసం, వాంతులు మొదలయ్యాక వచ్చినవారికి మేము చేయగలిగింది చాలా తక్కువ.

బీపీ, షుగరు చూడటం అన్ని ఊళ్ళలోనూ అవసరమే కాని మీ ప్రాంతానికి అది చాలదు. ఉద్దానంలో కిడ్నీ జబ్బు వచ్చినవారిలో చాలామందికి మొదట్లో షుగరూ ఉండదు, బీపీ కూడా ఉండదు. మూత్రంలో ప్రొటీన్ కూడా అంతగా పోకపోవచ్చు. అందువల్ల మూత్ర పరీక్షతో సరిపెట్టకుండా రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీలు బయటికి పంపవలసిన వ్యర్థం) చూడమని, దాన్ని వయసుతో, ఆడా మగా అన్న తేడాతో కలిపి ఈజీఎఫ్‌ఆర్, అంటే కిడ్నీలు రక్తాన్ని ఎంత బాగా వడకడుతున్నాయో చెప్పే అంచనా, లెక్క కట్టి ఇమ్మని అడగండి. క్రియాటినిన్ 1.2 అన్న అంకె 25 ఏళ్ళ యువకుడిలో మామూలే కావచ్చు. 55 ఏళ్ళ స్త్రీలో అదే అంకె ఉంటే ఈజీఎఫ్‌ఆర్ 60 కన్నా తగ్గినట్టు, అంటే కిడ్నీల పని మందగించినట్టు.

ఇక రప్పించడం సంగతి. బండి పది గంటలకు వస్తే పనికి వెళ్ళినవాళ్ళు ఎలా వస్తారు? పరీక్ష కోసం ఒక రోజు కూలి పోగొట్టుకోమనడం న్యాయం కాదు. తెల్లవారి, పనిలోకి దిగకముందే రక్తం తీసేలా వైద్యాధికారితో మాట్లాడండి. దీనికి వైద్యపరమైన కారణం కూడా ఉంది. ఎండలో పనిచేసి నీళ్ళు తాగకుండా వచ్చినవారిలో క్రియాటినిన్ తాత్కాలికంగా పెరిగి, లేని భయం పెడుతుంది. పేర్లు, అంకెలు వరుసలో అందరి ముందూ చదవనివ్వకండి. కిడ్నీ జబ్బని తెలిస్తే పిల్లల పెళ్ళి సంబంధాలు చెడతాయన్న భయంతో రానివాళ్ళు కూడా ఉంటారు.

అన్నిటికన్నా ముఖ్యమైన మాట ఇది. ఈజీఎఫ్‌ఆర్ ఒకసారి 60 కన్నా తక్కువ వచ్చినంత మాత్రాన అది దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు అనలేము, కనీసం 3 నెలల పాటు అలాగే ఉంటేనే అంటాము. అంటే బండి తిరిగి రాకపోతే మొదటి పరీక్షకు అర్థమే లేదు. నేను వెళ్ళిన ఒక శిబిరంలో ఒకాయన రెండేళ్ళ కిందటి చీటీని చొక్కా జేబులోంచి జాగ్రత్తగా తీసి ఇచ్చాడు. నాలుగు మడతలు పెట్టిన ఆ కాగితం చెమటకు తడిసి, ఆరి, సరిగ్గా అంకె ఉన్న చోటే చెరిగిపోయింది. ఆ అంకె కనబడి ఉంటే రెండేళ్ళలో ఆయన కిడ్నీ ఎంత దెబ్బతిన్నదో అప్పుడే చెప్పగలిగేవాడిని. ఆ చీటీ నాకు ఇప్పటికీ గుర్తొస్తుంది. కాబట్టి మీ సంఘంలో ఒక పుస్తకం పెట్టి పేరు, తేదీ, అంకె, మళ్ళీ పరీక్షించవలసిన రోజు రాయించండి. ఆ పుస్తకం ఆశా కార్యకర్త దగ్గరో ఏఎన్‌ఎం దగ్గరో భద్రంగా ఉండాలి.

వచ్చినవారిని ఒంటి నొప్పులకు ఏ మాత్రలు వేసుకుంటున్నారో కూడా అడగమనండి. డైక్లోఫెనాక్ వంటివి దుకాణంలో కొని రోజూ మింగే అలవాటు కిడ్నీలకు చేటు చేస్తుంది, దాన్ని ఆ రోజే మాన్పించవచ్చు.

పలాసలో 2023 డిసెంబరులో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి ప్రారంభమైంది. తేడా కనిపించినవారిని అక్కడికి పంపుతారు సరే, వారి వెంట ఎవరు వెళతారో, దారి ఖర్చు ఎలాగో సంఘంలో ముందే అనుకోండి. శిబిరం తేదీ ఖాయం చేసుకునే రోజునే, 3 నెలల తరువాత రెండోసారి రక్తం తీసే తేదీని కూడా వైద్యాధికారి చేత రాయించుకోండి.