అనాటమీ సీటు వస్తే అయ్యో అంటారెందుకు?

ప్రశ్న: మేడమ్ గారూ, మా అమ్మాయికి పీజీలో అనాటమీ సీటు వచ్చింది. చుట్టాలందరూ "శవాల దగ్గర పాఠాలు చెప్పుకునే చదువు, పేషెంట్ మొహం కూడా చూడక్కర్లేదు" అంటున్నారు. దానికేమో వెన్నెముక మీద రీసెర్చ్ చెయ్యాలనుంది, ఇరవై ఏళ్లుగా నా నడుం నొప్పి చూస్తోంది కదా. చేర్పించమంటారా? - ఒక తండ్రి, తెనాలి

జవాబు: తప్పకుండా చేర్పించండి. చుట్టాలకి నికోలాయ్ బోగ్‌డక్ గురించి చెప్పండి, ఆస్ట్రేలియాలో న్యూకాజిల్ యూనివర్సిటీలో అనాటమీ ప్రొఫెసర్‌గా చేశారాయన. 1970ల్లో అక్కడ నడుం నొప్పికి ఒక ఆపరేషన్ ఉండేది, వీపులోంచి సన్నటి బ్లేడు దించి వెన్నుపూసల వెనకాల ఉండే చిన్న కీళ్ల నరాలు కోసేస్తున్నాం అనేవాళ్లు. ఈయన, ఇంకో ఇద్దరు కలిసి శవాల మీద అచ్చం అలాగే చేసి విప్పి చూస్తే బ్లేడు నరం దాకా వెళ్లనే లేదు, నరం ఇంకా లోతులో ఎముకని అంటుకుని ఉంది! 1977లో ఆ సంగతి రాశారు. 1981లో వెన్నుపూసల మధ్య మెత్తగా ఉండే డిస్క్‌కి ఏ నరాలు ఎటునుంచి వస్తున్నాయో కూడా విప్పి చూపించారు.

నాకు బాగా నచ్చేది మాత్రం సూది సంగతి. కొయ్యకుండా వేడితో ఆ నరాన్నే మాడ్చే రేడియోఫ్రీక్వెన్సీ సూదిని అప్పట్లో నరం మీదకి నిలువుగా గుచ్చేవాళ్లు. ఆయన టీమ్ కోడిగుడ్డు తెల్లసొనలో, పచ్చి మాంసంలో ఆ సూది పెట్టి చూసింది, వేడి మొన ముందుకి పోదు, సూది చుట్టూ పక్కలకే పాకుతుంది, అంటే నిలువుగా గుచ్చితే నరం తప్పిపోతుంది, నరం పక్కనే పడుకోబెట్టినట్టు పెట్టాలి. నరం ఎటునుంచి ఎటు పోతోందో చేత్తో విప్పి చూసినవాళ్లకే తట్టే మాట అది.

ఆ తర్వాత 1996లో ఆయన టీమ్, కారు యాక్సిడెంట్ల తర్వాత మెడనొప్పి వదలని 24 మందిలో సగం మందికి నిజంగా వేడి ఇచ్చి, సగం మందికి ఉత్తుత్తిగా చేసింది. నొప్పి మళ్లీ మునుపటిలో సగానికి తిరిగి రావడానికి ఉత్తుత్తిది చేసినవాళ్లలో మధ్యస్థంగా 8 రోజులు పడితే, నిజంగా చేసినవాళ్లలో 263 రోజులు పట్టింది. నరం మళ్లీ పెరుగుతుంది కాబట్టి నొప్పి తిరిగొస్తుంది, అప్పుడు మళ్లీ చెయ్యొచ్చు.

మీ నడుముకీ ఇదే మందని మాత్రం అనుకోకండి. ముందు ఆ నరానికి మత్తు ఇంజెక్షన్ ఇచ్చి నొప్పి అక్కడిదేనా అని తేల్చుకోవాలి, అదీ వేరే వేరే మందులతో రెండుసార్లు, ఒక్కసారి తగ్గిందని నమ్మకూడదని పట్టుబట్టింది కూడా ఆయన టీమే.

మీ అమ్మాయిని డిసెక్షన్ హాల్లో, వెన్నెముకని ఆనుకుని ఉండే మల్టిఫిడస్ కండరం జాగ్రత్తగా ఎత్తి ఆ నరం వెతకమనండి, దారం పోగులా ఉంటుంది, తొందరపడితే తెగిపోతుంది. దొరికిన రోజు నాకు ఉత్తరం రాయమనండి.