కేబుల్ తీసేస్తే నిజంగా మిగిలేదెంత?

ప్రొద్దుటూరు నుంచి ఒక పాఠకురాలు ఇలా అడిగారు: "కేబుల్‌కు నెలకు 370 రూపాయలు కడుతున్నాం. పాప చదువు కోసం పెట్టించిన బ్రాడ్‌బ్యాండ్ ఎలాగూ ఉంది. కేబుల్ తీసేసి నెట్‌ఫ్లిక్స్, అమెజాన్ ప్రైమ్ తీసుకుని, మిగిలిన డబ్బు పాప పేరున దాచవచ్చా? మా అత్తగారు మాత్రం రోజూ సాయంత్రం సీరియళ్లు చూస్తారు."

మీ ఆలోచన మంచిదేనమ్మా, కానీ లెక్క వేసి చూస్తే మీరు అనుకున్నంత మిగలదు. కేబుల్‌కు ఏడాదికి 4,440 రూపాయలు అవుతున్నాయి. టీవీలో చూడగలిగే నెట్‌ఫ్లిక్స్ ప్లాన్ నెలకు 199 చొప్పున 2,388, ప్రైమ్ ఏడాదికి 1,499, రెండూ కలిపి 3,887 అవుతాయి. అంటే ఏడాదికి మిగిలేది 553 రూపాయలే. 149 రూపాయల నెట్‌ఫ్లిక్స్ ప్లాన్ చూసి ఆశపడకండి, అది ఫోన్, ట్యాబ్‌లకే గానీ టీవీకి పనికిరాదు.

అంతకన్నా ముఖ్యమైన సంగతి మీ అత్తగారిది. ఆవిడ చూసే సీరియళ్లు ఈ రెండింటిలో రావు. స్టార్ మా సీరియళ్లకు జియోహాట్‌స్టార్, జీ తెలుగుకు జీ5, ఈటీవీకి ఈటీవీ విన్, జెమినికి సన్ నెక్స్ట్, ఇలా ఒక్కో చానల్‌కు ఒక్కో యాప్ కావాలి. మా ఇంట్లో కేబుల్ తీసేసినప్పుడు, నంబరు నొక్కితే చానల్ వచ్చే రిమోట్‌కు అలవాటుపడిన మా అమ్మ, యాప్ తెరవడం చేతగాక, ఎవరైనా వచ్చి పెడతారేమోనని ఏడు గంటలకల్లా నల్లటి తెర ముందు కూర్చుని ఉండేది. రెండు నెలలకే కేబుల్ మళ్లీ పెట్టించాను.

కాబట్టి కేబుల్ ఉంచి, ప్యాక్‌ను తగ్గించుకోండి. 2019లో అమల్లోకి వచ్చిన ట్రాయ్ (టీవీ, టెలికాం సేవల నియంత్రణ సంస్థ) విధానం ప్రకారం, ఆపరేటర్ ఇచ్చిన ప్యాకే తీసుకోవాలన్న నిబంధన లేదు, కావలసిన చానళ్లను విడివిడిగా ఎంచుకోవచ్చు. బొకేలో, అంటే కొన్ని చానళ్లను కలిపి అమ్మే ప్యాక్‌లో, చేర్చే చానల్‌ను విడిగా తీసుకున్నా ధర 19 రూపాయలు దాటకూడదు కనుక, పై నాలుగు చానళ్లకు ఎక్కువలో ఎక్కువ 76 అవుతుంది. చానళ్ల ధర కాక ఆపరేటర్ నెలనెలా తీసుకునే నెట్‌వర్క్ రుసుముపై ఉన్న గరిష్ఠ పరిమితిని 2024లో ఎత్తేశారు కాబట్టి మీ ఆపరేటర్ ఎంత తీసుకుంటున్నారో ముందు అడగండి. పాత 130 రూపాయలే అయితే, 18 శాతం జీఎస్టీతో కలిపి మొత్తం 243 రూపాయలు. అంటే నెలకు 127 రూపాయలు మిగులుతాయి, మీ పద్ధతిలో మిగిలేది 46 మాత్రమే.

ఆ మిగులులో 120 రూపాయలతో తపాలా కార్యాలయంలో పాప పేరున ఐదేళ్ల రికరింగ్ డిపాజిట్ తెరవండి. అక్కడ నెలకు 100 రూపాయల నుంచి, పది రూపాయల గుణిజాల్లో కట్టవచ్చు. మీరు కట్టిన అసలే 7,200 అవుతుంది, వడ్డీ దానికి అదనం.

సెలవుల్లో పాప ఏదైనా సినిమా చూడాలని ముచ్చటపడితే ఆ ఒక్క నెలకు ఒక్క యాప్ తీసుకుని, తీసుకున్న రోజే ఆటోపే (నెలనెలా డబ్బు దానంతటదే చెల్లిపోయే ఏర్పాటు) రద్దు చేయండి. అలా డబ్బు తీసుకోవడానికి కనీసం 24 గంటల ముందు సందేశం పంపాలని రిజర్వ్ బ్యాంకు నియమం ఉంది, కానీ ఆ సందేశం మీ వారి ఫోన్‌కు వెళ్లి, ఆయన చూసుకోకపోతే, డబ్బు పోయాకే మీకు తెలుస్తుంది.