కోరంగి మడ అడవుల్లో బోటు షికారు బాగుంటుందా? పొద్దున వెళ్లాలా, సాయంత్రమా?

బాగుంటుంది. అయితే పొద్దున, సాయంత్రం అనే లెక్క అక్కడ పనిచేయదు. నీళ్ల టైం చూసుకుని వెళ్లాలి. ఇది నేను బురదలో కూర్చుని నేర్చుకున్న సంగతి.

మాది మిర్యాలగూడ. నీళ్లంటే మాకు సాగరే. ‘ఎన్ని అడుగులుంది?’ అని అడుగుతాం, 590 అంటే నిండినట్టు. అది నిండాలంటే పైన వానలు పడాలి, శ్రీశైలం నుంచి వదలాలి. ఇదే బుర్రతో కాకినాడ దాకా పోయాను. కోరంగిలో వాన లేకున్నా, గేటు లేకున్నా నీళ్లు రోజుకు రెండుసార్లు ఎక్కుతాయి, రెండుసార్లు దిగుతాయి. ఎక్కితే పోటు, దిగితే పాటు.

మేం ఎనిమిది మందిమి. టిఫిన్లయ్యి బోటెక్కేసరికి పదకొండు. అప్పటికే పాటు నడుస్తోంది. బోటతను ‘తొందరగా వచ్చేద్దామండి’ అన్నాడు. మా బావమరిది వింటేగా! ‘ఇంకొంచెం లోపలికి పోనీ అన్నా’ అంటూ సన్న కాలువలోకి పోనిచ్చాడు. వెనక్కి తిప్పేటప్పుడు ఇంజన్ గర్రుమని బురద చిమ్మి ఆగిపోయింది. గడకర్ర గుచ్చితే మోకాలు లోతు నీళ్లు, కింద అంతా బురదే. నెట్టినా కదల్లేదు. ‘పోటు రావాలండి’ అని అతను తలగుడ్డ విప్పి మొహం తుడుచుకున్నాడు. మా అత్తమ్మకు టెన్షన్, లైఫ్ జాకెట్ బిగించి పట్టుకుంది. మునగడానికి నీళ్లేవీ?

ఆ గంటన్నరే నాకు మొత్తం ట్రిప్పులో మిగిలింది. నీళ్లు తగ్గేకొద్దీ మడచెట్ల కింద బురదలోంచి వేర్లు పైకి పొడుచుకుని కనిపించాయి, అచ్చం వరి కోసిన మడిలో కొయ్యకాళ్లలా. ఆ బురదలో గాలి ఆడదు కాబట్టి చెట్టు ఆ వేర్లతోనే ఊపిరి పీలుస్తుంది. బొక్కల్లోంచి చిన్న పీతలు బయటికొచ్చాయి. మగవాటికి ఒక చెయ్యి మాత్రం ఒంటికి మించి పెద్దది, దాన్నెత్తి ఊపుతున్నాయి. ‘ఆర్టీసీ బస్సు ఆపుతున్నట్టుంది’ అంది మా అత్తమ్మ. టెన్షన్ అప్పుడు తగ్గింది.

పోటు ఎలా వచ్చిందో చెప్పాలి. చప్పుడు లేదు, అల లేదు. ఒక పండుటాకు సముద్రం దిక్కు పోతూ పోతూ మా బోటు పక్కన ఆగింది. కాసేపు అక్కడే తిరిగింది. తర్వాత వచ్చిన దారినే వెనక్కి బయల్దేరింది. ఇంకో అరగంటకు బోటు అడుగు బురదను వదిలింది.

అందుకే నా మాట వినండి. నిండు పోటులో వెళ్లమని అందరూ చెప్తారు, కానీ అప్పుడు పచ్చని గోడల మధ్య నీళ్లు తప్ప ఏం కనిపించవు. పోటు మొదలయ్యేటప్పుడు ఎక్కండి. బురదా కనిపిస్తుంది, పీతలూ కనిపిస్తాయి, ఇరుక్కున్నా వచ్చే నీళ్లే లేపుతాయి. ముందురోజు పోటు టైం కనుక్కుని దానికి 50 నిమిషాలు కలిపితే మర్నాటిది దాదాపు వచ్చేస్తుంది. పున్నమి, అమావాస్య దగ్గర ఎక్కడమూ ఎక్కువే, దిగడమూ ఎక్కువే. గోడ మీది తిథుల క్యాలెండర్‌కు ఇంతకన్నా మంచి పని లేదు.

ఇంకో బాధ. దయచేసి బోటులో బ్లూటూత్ స్పీకర్ పెట్టకండి. సాగర్‌లో నాగార్జునకొండ లాంచీ ఎక్కినా ఇదే గోల. కొండ మీద మ్యూజియంలో బుద్ధుడి విగ్రహాల ముందు నిలబడినా చెవుల్లో డీజే మోగుతూనే ఉంటుంది. కోరంగిలో నీటికుక్కలున్నాయి, చేపలు పట్టే పిల్లి ఉంది. 1978 నుంచి అభయారణ్యం అది. పాటలు పెట్టుకుని పోయి ‘ఒక్క జంతువూ కనబడలేదు’ అంటే అవేం చేస్తాయి పాపం! వేర్లకు చిక్కిన చిప్స్ ప్యాకెట్ల సంగతి ఎత్తితే నాకు బీపీ పెరుగుతుంది.

ఒడ్డుకొచ్చాక మా అత్తమ్మ నన్ను పక్కకు లాగి, ‘గంటన్నర ఎక్కువైంది కదా, ఎక్కువ పైసలు అడుగుతాడేమో’ అంది. బోటతనికి వినబడింది. ‘తిప్పితే అడుగుతామండి, ఆగినందుకు కాదు’ అన్నాడు.